తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది? ప్రాథమిక పాఠశాలల్లో సాంకేతిక అక్షరాస్యత

2019వ సంవత్సరం చివరి దినాల్లో ఒక సాయంకాలం, అసర్ నమాజు ముగిసిన తర్వాత, మా పేట మసీదు మెట్ల వద్ద ఒక తల్లి మా కోసం వేచి ఉన్నది. ఆమె పక్కన ఐదవ తరగతి చదువుతున్న కుమార్తె. ఆమె చేతిలో ఇంటర్నెట్ కేంద్రంవారు ముద్రించి ఇచ్చిన ఒక కాగితం. "చాచా, పోయినేడు స్కాలర్‌షిప్ వచ్చింది. ఈ ఏడు కూడా కాగితాలన్నీ ఇచ్చాం. మిగతా పిల్లలకు వచ్చి మా అమ్మాయికి ఎందుకు రాలేదో కాస్త చూసిపెట్టండి" అని అడిగింది. ఆ కాగితం మీద కారణం స్పష్టంగానే ఉన్నది. పాఠశాల స్థాయి ధ్రువీకరణ జరగలేదు. గడువు ముగిసిపోయింది.

మరునాడు మేము ఆ పాఠశాలకు వెళ్లాము. ప్రధానోపాధ్యాయులు సజ్జనులు. గణితం బోధించడంలో మంచి పేరున్నవారు. ఆయన చెప్పినది విని మాకు ఆయనపై కోపం రాలేదు, జాలి కలిగింది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఆ పాఠశాల ఖాతాకు అనుసంధానమైన ఫోన్ నంబరు, అంతకుముందే బదిలీ అయిపోయిన పూర్వ ప్రధానోపాధ్యాయునిది. ఓటీపీ ఆయన ఫోనుకు వెళుతుంది. పాస్‌వర్డ్ మాత్రం బస్టాండు వద్ద ఇంటర్నెట్ కేంద్రం నడిపే కుర్రవాని వద్ద ఉన్నది. ఆ కుర్రవాడు తీరిక దొరికినప్పుడు కొందరు పిల్లల దరఖాస్తులు ధ్రువీకరించాడు. పదునాలుగు మందివి మిగిలిపోయాయి. ఆ పదునాలుగు మందిలో ఈ అమ్మాయి ఒకతె.

ఇందులో ఎవరూ లంచం అడగలేదు. ఎవరూ మతం చూడలేదు. బుద్ధిపూర్వకంగా ఎవరూ తప్పు చేయలేదు. అయినా పదునాలుగు కుటుంబాలు తమకు హక్కుగా రావలసిన సొమ్మును కోల్పోయాయి. ఐదవ తరగతి చదువుతూ ఇంటి నుంచి బడికి వెళ్లే పిల్లకు ఆ పథకం క్రింద అందేది నెలకు వంద రూపాయల చొప్పున ఏడాదికి వెయ్యి రూపాయలు. కలిగినవారికి అది లెక్కలోనిది కాదు. ఇళ్లల్లో బీడీలు చుట్టే తల్లికి, తోపుడుబండి మీద పండ్లు అమ్మే తండ్రికి అది ఒక జత చెప్పులు, ఒక సంచి, ఏడాది నోటు పుస్తకాలు.

సాంకేతిక అక్షరాస్యత అనగానే మన కళ్లముందు మెరిసే తెరలు, ట్యాబులు, కృత్రిమ మేధ కదలాడుతాయి. మాకు మాత్రం ఆనాటి నుంచి ఆ కాగితమే కనిపిస్తున్నది. సాంకేతిక అక్షరాస్యత అంటే తన తాళంచెవి తన చేతిలో ఉంచుకోగలగడం. ప్రాథమిక పాఠశాలలో ఆ తాళంచెవి నేడు ఎవరి చేతిలో ఉన్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఆఫీసులో నేర్చుకున్న పాఠం

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరిననాడు టైపు మిషను తెలిసినవాడే ఘనుడు. తొంభయ్యవ దశకం చివర మా విభాగానికి మొదటి కంప్యూటరు వచ్చింది. దానికొక ప్రత్యేకమైన గది, ఆ గదికి ఏసీ, కంప్యూటరు మీద దుమ్ము పడకుండా ఒక గుడ్డ. చెప్పులు విడిచి లోనికి వెళ్లేవారం. వయసు మీరిన మాబోటివారం దాన్ని ముట్టుకోవడానికి జంకాము. "మాకెందుకు, కుర్రవాళ్లు చూసుకుంటారు" అనుకున్నాము. కాంట్రాక్టు మీద వచ్చిన ఒక డేటా ఎంట్రీ యువకునికి పని మొత్తం అప్పగించాము.

రెండేళ్లు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. జీతంలో అందరికన్నా తక్కువవాడైన ఆ యువకుడు సెలవు పెడితే కార్యాలయం స్తంభించేది. ఫైలు ఎక్కడ ఉన్నదో మాకు తెలియదు, అతనికే తెలుసు. సంతకం మాది, సమాచారం అతనిది. తప్పు దొర్లితే సంజాయిషీ ఇవ్వవలసినది మాత్రం మేమే. అప్పుడు సిగ్గు విడిచి ఆ యువకుని పక్కనే కుర్చీ వేసుకొని నేర్చుకున్నాము. మూడు నెలలు పట్టింది. మానవమాత్రునికి అసాధ్యమైనదేదీ అందులో లేదు.

ఈ సొంత గోడు చెప్పుకోవడానికి కారణం ఉన్నది. పాతికేళ్ల క్రితం మా కార్యాలయాల్లో జరిగినదే ఇప్పుడు ప్రాథమిక పాఠశాలల్లో జరుగుతున్నది. సంతకం ప్రధానోపాధ్యాయునిది, సమాచారం మరొకరిది. అయితే ఒక తేడా ఉన్నది. మా కార్యాలయంలో తప్పు దొర్లితే ఒక ఫైలు ఆలస్యమయ్యేది. బడిలో తప్పు దొర్లితే ఒక బిడ్డ చదువు దెబ్బతింటుంది.

ప్రధానోపాధ్యాయుని మీద పడిన బరువు

మన రాష్ట్రాల్లో ప్రాథమిక పాఠశాలకు గుమాస్తా పోస్టు లేదు. ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులున్న చోట పెద్దవారే ప్రధానోపాధ్యాయులు, వారే బోధకులు, వారే లెక్కలు వ్రాసేవారు. పూర్వం వారి చేతిలో ఉండేవి అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, టీసీ పుస్తకం. నేడు ఆ మూడు పుస్తకాల స్థానంలో యూడైస్ ప్లస్ నమోదు, మధ్యాహ్న భోజనం లెక్క, విద్యార్థుల హాజరు, ఉపాధ్యాయుల ముఖ హాజరు, ఆపార్ సంఖ్య, శిక్షణల నమోదు వచ్చి చేరాయి.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ ఆధారిత హాజరు ప్రవేశపెట్టినప్పుడు, సొంత ఫోన్లలో ప్రభుత్వ యాప్ వేసుకోవడం ఏమిటని ఉపాధ్యాయ సంఘాలు నిరసన తెలిపాయి. ఆ నిరసనను బద్ధకమని కొట్టిపారేయడం న్యాయం కాదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఉపాధ్యాయులకు విద్యేతర పనులు అప్పగించరాదు. గంటల తరబడి తెర మీద అంకెలు నింపడం విద్య పనియా, విద్యేతర పనియా అన్నది అడగదగిన ప్రశ్నయే.

కానీ ఆ అంకెలు వ్యర్థమైనవి కావు. అక్కడే చిక్కు ఉన్నది. యూడైస్‌లో ప్రతి బిడ్డ పేరుతోపాటు బోధనా మాధ్యమం, సామాజిక వర్గం, మైనారిటీ వర్గం నమోదు కావాలి. సమగ్ర శిక్షా ప్రణాళికలు ఆ లెక్కల మీద ఆధారపడి తయారవుతాయి. ఉర్దూ మాధ్యమం గడిలో తప్పు అంకె పడితే ఆ బడిలో ఉర్దూ పిల్లలు కాగితం మీద మాయమవుతారు. కాగితం మీద లేని పిల్లలకు పుస్తకాలు అడిగేదెవరు? ఉపాధ్యాయ పోస్టు అడిగేదెవరు? మన హక్కుల పోరాటం సభల్లో, వినతిపత్రాల్లో జరుగుతున్నదని మనం భావిస్తాము. అందులో కొంత భాగం, ఎవరూ చూడని వేళ, ఒక ప్రధానోపాధ్యాయుడు నింపే గడిలో గెలుస్తున్నాము లేదా ఓడుతున్నాము.

పేరులో ఉన్న పెను సమస్య

మన సమాజానికి ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉన్నది. అది మన పేర్లు. మన పేర్లు అరబీ, ఫార్సీ, ఉర్దూల నుంచి వచ్చాయి. వాటిని తెలుగులో ఒక విధంగా, ఆంగ్లంలో నాలుగు విధాలుగా వ్రాస్తారు. 'షేక్' అన్న ఒక్క మాటకు ఆంగ్లంలో ఎన్ని వర్ణక్రమాలున్నాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. 'మహమ్మద్'ను ఒకరు పూర్తిగా వ్రాస్తారు, మరొకరు రెండు అక్షరాలు వ్రాసి చుక్క పెడతారు. ఒక కాగితంలో షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేరుగా ముందు వస్తుంది, వేరొక కాగితంలో చివర వస్తుంది, మూడవ దానిలో అసలు ఉండదు. ఆడపిల్ల పేరు చివర 'బేగం', 'బీ', 'సుల్తానా' ఒకచోట ఉంటాయి, మరొకచోట ఉండవు.

రిజిస్టరు కాలంలో ఇది పెద్ద సమస్య కాదు. గుమాస్తా మనిషిని చూసి, తండ్రిని చూసి, ఇద్దరూ ఒకటేనని గ్రహించేవాడు. యంత్రానికి ఆ గ్రహింపు లేదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా అది ఇద్దరు మనుషులుగానే లెక్కిస్తుంది. ఆపార్ సంఖ్య కోసం బడి రికార్డులోని పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోలాలి. పోలకపోతే సంఖ్య రాదు. అప్పుడు తండ్రి కూలి మానుకొని ఆధార్ కేంద్రం చుట్టూ, తల్లి బడి చుట్టూ తిరగడం మొదలవుతుంది. ఆపార్‌కు తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. చదవకుండానే సంతకం పెట్టి వస్తారు.

జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ అదే ఏడు అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, ఇతర పనులకైనా జనన ధ్రువపత్రమే మూలాధారం. అంటే ఆ శిశువు పేరులోని అక్షరాలు జీవితాంతం వెంటాడుతాయి. అఖీఖా నాడు పేరు నిర్ణయించినప్పుడే ఆంగ్లంలో ఏ అక్షరాలతో వ్రాయాలో కూడా నిర్ణయించి, ఇంట్లో ఒక నోటు పుస్తకంలో వ్రాసిపెట్టుకోవాలని మేము ప్రతి కుటుంబానికీ విన్నవిస్తున్నాము. ఇదీ సాంకేతిక అక్షరాస్యతయే. దీనికి ఫోను కూడా అక్కరలేదు.

ఉపాధ్యాయుడు, ఉర్దూ లిపి

ఉపాధ్యాయుల విషయానికి వస్తే, శిక్షణలు జరగలేదని అనలేము. 2017లో దీక్ష వేదిక వచ్చింది. 2019లో నిష్ఠా శిక్షణ మొదలై, 2020లో ఆన్‌లైన్‌కు మారింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. కానీ చాలా శిక్షణలు ఉపాధ్యాయునికి ఒక మీట ఎలా నొక్కాలో చెబుతాయి, ఎందుకు నొక్కాలో చెప్పవు. వీడియో ఒకవైపు నడుస్తూ ఉంటుంది, ఉపాధ్యాయుడు మరొక పని చేసుకుంటూ ఉంటాడు, చివర ధ్రువపత్రం వస్తుంది. ఆ ధ్రువపత్రం గోడకు పనికివస్తుంది, తరగతికి పనికిరాదు.

ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయునికి దీనిపైన మరొక అడ్డంకి ఉన్నది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడిచే లిపి. నస్తాలీఖ్ వంపులను తెర మీదకు తేవడం కష్టమైన రోజుల్లో, 1990లలో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఉర్దూ ముద్రణకు ఎంతో మేలు చేసింది. అయితే ఆ పాత పద్ధతిలో తయారైన పాఠం కాగితం మీద అందంగా ఉంటుంది గానీ ఫోనులో తెరుచుకోదు. అందులోని ఒక మాటను వెదకలేము, మరొకచోటికి అతికించలేము. యూనికోడ్ వచ్చిన తర్వాత ఆ ఇబ్బంది తొలగింది. నేడు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఉర్దూ కీబోర్డు ఉచితంగా పెట్టుకోవచ్చు. నస్తాలీఖ్ అక్షరాలూ ఉచితంగానే దొరుకుతున్నాయి.

అయినా మనం చూస్తున్నదేమిటి? ఉర్దూ ఉపాధ్యాయుల వాట్సాప్ బృందాల్లో సందేశాలు ఆంగ్ల అక్షరాల్లో నడుస్తున్నాయి. ప్రశ్నపత్రం చేతితో వ్రాసి, ఫోటో తీసి పంపుతున్నారు. ఇది వారి అసమర్థత కాదు. ఆ కీబోర్డు మీద కూర్చోబెట్టి ఒక పూట నేర్పినవారు లేరు. గురువు ఆంగ్ల అక్షరాల్లో ఉర్దూ వ్రాస్తే శిష్యుడూ అలాగే వ్రాస్తాడు. మరొక తరం గడిస్తే మన పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. లిపి పోయిన భాష పాటగా మిగులుతుంది, చదువుగా మిగలదు. సాంకేతికత ఉర్దూను మింగివేస్తుందని భయపడేవారు ఉన్నారు. నేర్చుకోకుండా దూరంగా ఉంటే ఆ భయం నిజమవుతుంది.

తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో ఆ హోదా వచ్చింది. హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998 నుంచి ఉన్నది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఏళ్ల తరబడి కంప్యూటర్ కోర్సులు నడుపుతున్నది. ఇన్ని సంస్థలున్న చోట ప్రాథమిక పాఠశాల ఉర్దూ ఉపాధ్యాయునికి ఉర్దూలోనే కంప్యూటర్ నేర్పించే ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమని రాష్ట్రాలకు చెబుతున్నది. నల్లబల్ల ఉన్న కాలంలో సౌకర్యం అంటే ఉర్దూ పుస్తకం, ఉర్దూ ఉపాధ్యాయుడు. తెరలు వచ్చిన కాలంలో సౌకర్యం అంటే వాటితోపాటు ఉర్దూ కీబోర్డు, ఉర్దూ డిజిటల్ పాఠం కూడా.

కోస్తాలోనూ ఇతర ప్రాంతాల్లోనూ మన పిల్లలు ఎందరో తెలుగు, ఆంగ్ల మాధ్యమాల్లో చదువుతున్నారు. వారి అవసరం వేరు. కానీ వారి గురువుకు తెర మీద పట్టు లేకపోతే నష్టం అదే.

బిడ్డ చేతిలో ఫోను

"మా వాడికి అన్నీ తెలుసు, నాకన్నా బాగా ఫోను ఆడతాడు" అని తండ్రులు గర్వంగా చెబుతారు. ఫోను ఆడటం వేరు, ఫోనుతో చదవడం వేరు. గ్రామీణ భారతంలో 2024లో జరిగిన అసర్ సర్వేలో, 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవారే. అయితే ఆ ముందు వారంలో దాన్ని చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. ప్రాథమిక దశ దాటిన వెంటనే పిల్లలు ఏ దారి పట్టుతున్నారో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

కోవిడ్ కాలం మన కళ్లముందే గడిచింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ద్వారా వచ్చాయి. మా పేటలో చాలా ఇళ్లల్లో ఒకటే ఫోను. అది ఆటో నడిపే తండ్రి జేబులో ఉదయాన్నే వెళ్లిపోయేది. రాత్రి తిరిగివచ్చిన ఫోను ముందు అన్నకు, తర్వాత తమ్మునికి, మిగిలితే చెల్లెలికి. ఆమె వంతు వచ్చేసరికి డేటా అయిపోయేది. సర్కారు వివక్ష గురించి వ్రాసే మేము, మన ఇంటి వివక్ష గురించి మౌనం వహించడం ధర్మం కాదు.

బిడ్డకు ప్రాథమిక దశలో నేర్పవలసినవి చాలా లేవు. తన పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదని, తన ఫోటో అడిగినవారందరికీ పంపరాదని, తెర మీద కనిపించిన ప్రతిదీ నిజం కాదని, భయం కలిగితే వెంటనే అమ్మకో గురువుకో చెప్పాలని నేర్పాలి. ఒక సందేశాన్ని ముందుకు పంపేముందు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడగడం నేర్పాలి. హదీసును స్వీకరించేముందు దాన్ని చేరవేసినవారి పరంపరను పరిశీలించిన పండితుల వారసత్వం మనది. ఎవరు పంపారో తెలియని వీడియోను ఆ వారసులమే క్షణంలో వంద మందికి పంపుతున్నామంటే ఎంత దూరం జరిగామో ఆలోచించాలి.

రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం మన పెద్దలది. ఫోను పిల్లలను చెడగొడుతున్నది, బడిలోనూ అదేనా అని. ఈ ఆందోళనలో నిజం ఉన్నది. యునెస్కో 2023లో విద్యా సాంకేతికత మీద వెలువరించిన ప్రపంచ నివేదిక కూడా, చదువుకు తోడ్పడినప్పుడే దాన్ని వాడాలని, గురువుకు అది ప్రత్యామ్నాయం కాదని హెచ్చరించింది. స్వీడన్ వంటి సంపన్న దేశమే అదే ఏడు చిన్న తరగతుల్లో తిరిగి ముద్రిత పుస్తకాల వైపు మళ్లింది. మేము కోరుతున్నది మొదట పెద్దలకు అక్షరాస్యత. పిల్లవానికి ఏది ఎంత ఇవ్వాలో నిర్ణయించవలసినవాడు గురువు. తనకే తెలియని దానిలో గురువు ఏ నిర్ణయం తీసుకోగలడు?

రెండవ అభ్యంతరం కార్యకర్తలది. ఉర్దూ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, మరుగుదొడ్లు లేవు, ముందు అవి అడగండి అని. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివారు లేదా మధ్యలో మానినవారు. అటువంటి సమాజానికి కంప్యూటరు విలాసం కాదా అని వారి ప్రశ్న. ఆ ఆవేదనను మేము గౌరవిస్తాము. అయితే ఖాళీ పోస్టు, మరుగుదొడ్డి, బడి మానిన బిడ్డ, ఇవన్నీ నేడు పోర్టల్‌లో ఉంటేనే ప్రభుత్వం లెక్కలో ఉన్నట్లు. నమోదు తప్పు అయితే వినతిపత్రం వెళ్లిన చోట "మీ బడిలో అన్నీ ఉన్నట్లు మీ ప్రధానోపాధ్యాయులే నమోదు చేశారు" అన్న సమాధానం వస్తుంది. మేము ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇటువంటి సమాధానాలు స్వయంగా టైపు చేసినవాళ్లమే.

2022 నవంబరులో కేంద్రం ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ పిల్లలకు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను నిలిపివేసింది. విద్యాహక్కు చట్టం ఉచిత విద్య ఇస్తున్నది కనుక అవసరం లేదన్నది కారణం. ఆ నిర్ణయాన్ని మేము వ్యతిరేకించాము, నేటికీ వ్యతిరేకిస్తున్నాము. కానీ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ పథకం బ్రతికి ఉన్ననాడు, ధ్రువీకరణ జరగక మిగిలిపోయిన మన పిల్లల పేర్ల జాబితా ఏ సంస్థ వద్దనైనా ఉన్నదా? ఉండి ఉంటే ఆనాటి మన వాదన మరింత బలంగా ఉండేది.

అడగవలసినవి, చేయవలసినవి

ట్యాబులు పంచడంతో సరిపోదని ఆంధ్రప్రదేశ్ అనుభవమే చెబుతున్నది. 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలు నాలుగు లక్షలకు పైగా మందికి, వారి ఉపాధ్యాయులకు ట్యాబులు ఇచ్చారు. అందులోని పాఠాలు ఒక ప్రైవేటు సంస్థవి. ఆ సంస్థ 2024లో దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లింది. కేరళ మరొక దారిలో నడిచింది. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరిట పని ప్రారంభించి, ఉపాధ్యాయులనే శిక్షకులుగా తీర్చిదిద్ది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నది. తాళంచెవి ఉపాధ్యాయుని చేతికి ఇచ్చిన దారి అది.

ప్రభుత్వాలను మనం అడగవలసినవి కొన్నే. ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయినప్పుడు రిజిస్టర్లు, బీరువా తాళాలు అప్పగించినట్లే, ప్రతి పోర్టల్ ఖాతానూ, దానికి అనుసంధానమైన ఫోన్ నంబరునూ చార్జి జాబితాలో వ్రాసి అప్పగించాలి. దీనికి బడ్జెట్టు అక్కరలేదు, ఒక సర్క్యులర్ చాలు. ప్రతి స్కూల్ కాంప్లెక్సుకు ఒక నమోదు సహాయకుని నియమించాలి. అప్పుడు ఉపాధ్యాయుడు పాఠానికి తిరిగివస్తాడు. ఏడాదికి ఒకసారి, ఓటర్ల ముసాయిదా జాబితా చూపినట్లుగా, ప్రతి బిడ్డ వివరాలను ఒక చీటీపై ముద్రించి ఆ తల్లిదండ్రులకే పంపి సరిచూసుకోనివ్వాలి. ఉర్దూ ఉపాధ్యాయులకు ఉర్దూలో, వారి బడిలోని యంత్రం మీదనే శిక్షణ ఇవ్వాలి. ఉర్దూ డిజిటల్ పాఠాలన్నీ యూనికోడ్‌లో ఉండాలి. పిల్లల వివరాలకు రక్షణ ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటున్నది. ఆ సమాచారం బస్టాండు దుకాణంలో ఎవరి కంప్యూటరులోనో పడి ఉండడం చట్టానికి విరుద్ధమైన స్థితి.

మన వంతు పని కూడా కొంత ఉన్నది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. మన తల్లులు ఆ కమిటీల్లో పేరుకు కాక పనికి కూర్చోవాలి. ప్రతి మసీదు కమిటీ పరిధిలో మాబోటి విశ్రాంత ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. కంప్యూటరు చదివిన యువకులు, యువతులు దొరుకుతారు. వారానికి ఒక పూట కూర్చొని ధ్రువపత్రాల్లో పేర్లు సరిచూసి, దిద్దుబాటుకు దారి చూపవచ్చు. మేము అయిదేళ్లుగా ఆ పని చేస్తున్నాము. ఒకే నియమం పెట్టుకున్నాము. ఎవరి పాస్‌వర్డూ మా వద్ద ఉంచుకోము. దరఖాస్తు మేము నింపము, పక్కన కూర్చొని వారిచేతనే నింపిస్తాము. ఆలస్యమవుతుంది. మొదట్లో జనం విసుక్కున్నారు. కానీ మరుసటి ఏడాది సగం మంది మా వద్దకు రాలేదు. రానక్కర లేకుండా పోయింది. అదే మాకు దక్కిన ఫలితం.

ఈ వ్యాసం చదివిన పాఠకులను మేము కోరేది ఒక్కటే. ఈ నెలలో ఒక పూట వీలు చేసుకొని మీ పిల్లల బడికి వెళ్లండి. ప్రధానోపాధ్యాయుని వద్ద గౌరవంగా కూర్చొని మూడు ప్రశ్నలు అడగండి. యూడైస్‌లో మా బిడ్డ పేరు, మాధ్యమం ఎలా నమోదై ఉన్నాయి? బడి పోర్టల్ ఖాతాలకు అనుసంధానమైన ఫోను ఎవరిది? మీకు మా నుంచి ఏ సహాయం కావాలి? మూడవ ప్రశ్న తప్పక అడగండి. మొదటి రెండు ప్రశ్నలు మాత్రమే అడిగితే ఆయన మనలను తనిఖీ అధికారులనుకుంటారు. మూడవది కూడా అడిగితే తనవారనుకుంటారు.

'చదువు' అన్న ఆజ్ఞతో దివ్యవాణి ఆరంభమైన సమాజం మనది. ఆనాడు కలము, నేడు కలముతోపాటు కీబోర్డు. రెండూ మన చేతిలోనే ఉండాలి, మన బిడ్డల గురువుల చేతిలో ఉండాలి. బస్టాండు వద్ద ఉన్న పరాయి చేతిలో కాదు.